ఫైబర్ గ్లాసు బాడీకి రంగు వేయడం: కనబడని పనిలోనే అసలు పని



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే విషయం ఏదైనా రాసి పంపమన్నారు. నాకు కథలు, కవితలు రావు. పాలిటెక్నిక్ చదివాక ఫైబర్ గ్లాసు పని, స్ప్రే పెయింటింగ్ పని నేర్చుకుని దాని మీదే బతుకుతున్నాను. కాబట్టి నాకు తెలిసిన పని గురించే రాస్తున్నాను.

ఇది రాయడానికి రెండు కారణాలున్నాయి. ఇంజినీరింగ్‌లో చేరిన మన హాస్టల్ పిల్లలు కొందరు పోటీల కోసం కాలేజీలో సొంతంగా కార్లు తయారు చేస్తున్నారు. ఇంజిను, ఛాసిస్, బ్రేకుల గురించి పుస్తకాలు తిరగేసి బాగా నేర్చుకుంటారు. బాడీకి రంగు దగ్గరకు వచ్చేసరికి మాత్రం "డబ్బా తెచ్చి కొట్టేస్తే అయిపోతుంది కదా అన్నా" అంటారు. అది మొదటి కారణం. పదో తరగతి తర్వాతో, ఐటీఐ తర్వాతో పెయింటింగ్ షెడ్డులో పనికి చేరే పిల్లల్లో మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల ఊపిరితిత్తుల గురించి చెప్పే మనిషి షెడ్డులో ఉండకపోవచ్చు. అది రెండో కారణం.

సొంతంగా కారు తయారు చేయడం ఎక్కడిది?

బ్రిటన్‌లో ఈ అలవాటు పాతది. 1957లో లోటస్ సంస్థ ‘సెవెన్’ అనే చిన్న కారును తెచ్చింది. దాన్ని విడిభాగాలుగా కూడా అమ్మేవారు. అప్పట్లో అక్కడ తయారైన కారు మీద కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాల మీద ఉండేది కాదు. అందుకని జనం విడిభాగాలు కొనుక్కుని ఇంటి దగ్గర తామే బిగించుకునేవారు. వీటినే కిట్ కార్లు అంటారు. ఇలాంటి కార్లకు ఫైబర్ గ్లాసు బాడీ బాగా కుదిరింది. రేకు వంచాలంటే పెద్ద పెద్ద ప్రెస్సులు కావాలి. ఫైబర్ గ్లాసుకైతే ఒక అచ్చు, బ్రష్షు, రోలరు ఉంటే చాలు. అమెరికాలో 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ బాడీ కూడా ఫైబర్ గ్లాసుదే. మన దేశంలో 1980లలో బెంగళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్ అనే చిన్న కారు బాడీ కూడా అదే పదార్థం.

ఇప్పుడు మన కాలేజీల పిల్లలకు బాజా ఎస్ఏఈ ఇండియా, సుప్రా ఎస్ఏఈ ఇండియా వంటి పోటీలు ఉన్నాయి. బాజా మన దేశంలో 2007లో, సుప్రా 2011లో మొదలయ్యాయి. సుప్రాలో ఒక్కరు కూర్చునే రేసు కారును విద్యార్థులే డిజైన్ చేసి తయారు చేయాలి. దాని ముక్కు భాగాన్ని, పక్క ప్యానెళ్లను చాలా జట్లు ఫైబర్ గ్లాసుతో చేసుకుంటాయి.

ఒక హెచ్చరిక. ఇంట్లోనో కాలేజీలోనో చేసిన కారును మన దేశంలో రోడ్డు మీద నడపడానికి లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం కొత్త వాహనం నమూనాను గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. అందుకని ఈ కార్లు పోటీ మైదానానికీ, కాలేజీ ఆవరణకూ మాత్రమే.

ఫైబర్ గ్లాసు అంటే ఏమిటి?

సన్నని గాజు పోగులను చాపలా పరిచి, వాటిని పాలిస్టర్ రెజిన్ అనే చిక్కటి ద్రవంతో తడిపి గట్టిపరిస్తే వచ్చేదే ఫైబర్ గ్లాసు. మట్టి గోడలో గడ్డి ఎలా పనిచేస్తుందో ఇందులో గాజు పోగు అలా పనిచేస్తుంది. మట్టి ఒక్కటే అయితే పగులుతుంది, గడ్డి ఒక్కటే అయితే నిలబడదు. రెండూ కలిస్తేనే గోడ.

ముందు అచ్చుకు మైనం పూస్తారు, బాడీ అతుక్కోకుండా. దాని మీద జెల్‌కోట్ అనే పొర వేస్తారు. అది సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. దాని వెనుక గాజు చాపలు, రెజిన్ పొరలు పొరలుగా వేస్తారు. చదరపు మీటరుకు 450 గ్రాముల చాప ఒక పొర వేస్తే సుమారు 1 మిల్లీమీటరు మందం వస్తుంది. గట్టిపడ్డాక అచ్చు నుంచి తీస్తే బయటకు కనబడేది జెల్‌కోట్. మనం రంగు వేసేది దీని మీదే.

రెజిన్ గట్టిపడటానికి కేటలిస్టు కలుపుతారు. కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాములు. దీన్ని షెడ్డుల్లో హార్డెనర్ అని కూడా అంటారు. కోబాల్ట్ అనే ఊదా రంగు యాక్సిలరేటర్ కూడా వాడతారు. ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకూడదు. మంట లేస్తుంది, పేలుతుంది కూడా. ముందు కోబాల్టును రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే కేటలిస్టు కలపాలి. రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టకూడదు. కేటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయవద్దు. పొరపాటున పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తొందర వద్దు, ముందు ఆరనివ్వండి

అచ్చు నుంచి తీసిన ప్యానెల్ గట్టిగా కనిపించినా లోపల ఇంకా పండలేదు. రెజిన్ కొన్ని వారాలపాటు మెల్లగా గట్టిపడుతూ, కొద్దికొద్దిగా కుంచించుకుపోతూ ఉంటుంది. తీసిన మరునాడే రంగు వేస్తే, నెల తిరిగేసరికి నున్నటి రంగు కింద నుంచి గాజు చాప నేత మరకలా పైకి కనబడుతుంది. వీలైతే మూడు నాలుగు వారాలు ఆగాలి. మన ఎండ ఇందుకు మంచి స్నేహితురాలు. ప్యానెల్‌ను దాని ఆకారంలోనే కదలకుండా ఆధారం మీద పెట్టి కొన్ని రోజులు ఎండలో ఉంచితే త్వరగా పండుతుంది. గోడకు ఏటవాలుగా ఆనించి వదిలేస్తే మాత్రం అలాగే వంగిపోతుంది.

రంగుకు ముందే బిగించి చూడాలి

ప్యానెళ్లన్నీ ముందు ఛాసిస్‌కు బిగించి చూడండి. ప్యానెళ్ల మధ్య సందు అన్ని చోట్లా ఒకేలా, 4 లేదా 5 మిల్లీమీటర్లు ఉండాలి. రంగు పొరలకు కూడా మందం ఉంటుంది కాబట్టి సందు మరీ బిగుతుగా ఉంటే అంచులు రాసుకుని రంగు లేచిపోతుంది. బోల్టు రంధ్రాలన్నీ ఇప్పుడే వేయాలి. రంధ్రం వేసే చోట మాస్కింగ్ టేపు అంటించి, పదునైన బిట్టుతో మెల్లగా వేస్తే జెల్‌కోట్ పెచ్చులు లేవదు. బోల్టు కింద వెడల్పాటి వాషరు వేయండి. చిన్న వాషరు వేసి బిగిస్తే బరువంతా ఒకేచోట పడి అక్కడ నక్షత్రంలా పగుళ్లు వస్తాయి.

అన్నీ కుదిరాక విప్పి, ఏ ప్యానెల్ ఎక్కడిదో వెనుక వైపు రాసి పెట్టుకోండి.

మైనం వదిలించడం

ఈ వ్యాసంలో ఒక్క పేరా గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. అచ్చుకు పూసిన మైనం ప్యానెల్ మీదికి వస్తుంది. మైనం మీద ఏ రంగూ నిలవదు. రంగు పడగానే అక్కడక్కడ చేప కన్నుల్లా గుండ్రటి గుంటలు పడతాయి.

చాలామంది ముందు ఎమరీ కాగితంతో గీకి, తర్వాత కడుగుతారు. అలా చేస్తే పైన ఉన్న మైనం గీతల్లోకి దిగిపోతుంది, ఇక వదలదు. కాబట్టి కడగడం ముందు, గీకడం తర్వాత. మొదట గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడగాలి. అచ్చుకు పీవీఏ అనే పలుచటి పొర వేసి ఉంటే అది నీళ్లకే పోతుంది. మైనం నీళ్లకు పోదు. దానికి పెయింటు షాపుల్లో దొరికే మైనం, జిడ్డు తీసే ద్రవం వాడాలి. రెండు శుభ్రమైన తెల్ల బట్టలు తీసుకోండి. ఒకదాన్ని ద్రవంలో తడిపి తుడవండి, ఆరేలోపు రెండో పొడి బట్టతో తుడిచేయండి. ఒకే బట్టతో తుడిస్తే మైనాన్ని ఇక్కడి నుంచి అక్కడికి పూసినట్టే. బట్టలు తరచూ మార్చాలి. పెట్రోలుతో తుడవడం కొన్ని షెడ్డుల్లో అలవాటు. అది నిప్పుకు భయం, పైగా తనే కొంత జిడ్డు వదులుతుంది.

పోయిందో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ప్యానెల్ మీద శుభ్రమైన నీళ్లు పోయండి. నీళ్లు దుప్పటిలా పరుచుకుంటే మైనం పోయినట్టు. తామరాకు మీద నీటి బొట్టుల్లా విడిపోతే ఇంకా ఉన్నట్టు.

లోపాలు వెతకడం

ఇప్పుడు ప్యానెల్‌ను వెలుగులో పెట్టి చూడండి. ఒక రూపాయి బిళ్లతో మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట టక్‌మని, లోపల గాలి బుడగ ఉన్నచోట డొల్లగా వినబడుతుంది. మలుపుల దగ్గర ఇవి ఎక్కువ. ఇప్పుడు వదిలేస్తే ఎండలో గాలి వ్యాకోచించి రంగు పొంగుతుంది. కత్తి మొనతో బుడగను తెరిచి, అంచులు గీకి, పాలిస్టర్ పుట్టీతో నింపాలి. మన మేస్త్రీలు దీన్నే లప్పం అంటారు.

సన్నని పగుళ్లుంటే పైపైన పుట్టీ రాసి మోసపోవద్దు. పగులు వచ్చిందంటే అక్కడ ప్యానెల్ వంగుతోందని అర్థం. పగులును ఇంగ్లీషు ‘వి’ అక్షరం ఆకారంలో గాజు పొర దాకా తెరవాలి. వెనుక వైపు గీకి ఇంకో పొర గాజు చాప, రెజిన్ వేసి బలపరచాలి. ఆ తర్వాతే ముందు వైపు పుట్టీ. రోగం వెనుక ఉంటే ముందు మందు పూసి ఏం లాభం?

నిమ్మకాయంత పుట్టీకి శనగగింజంత హార్డెనర్ చాలు. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ కలిపితే, లేత రంగుల కింద నుంచి పసుపు మరక పైకి వస్తుంది.

గీకడం

పుట్టీ ఉన్నచోట 180, తర్వాత 240 నంబరు కాగితం వాడాలి. మిగిలిన జెల్‌కోట్ అంతా 320 నంబరుతో మెరుపు పోయేదాకా గీకాలి. మెరుస్తున్న చోటల్లా రంగుకు పట్టు లేదని అర్థం. కాగితాన్ని వేళ్లతో పట్టుకుని గీకితే వేళ్ల గాళ్లు పడతాయి. చెక్క దిమ్మెకో రబ్బరు దిమ్మెకో చుట్టి, ఐమూలగా రెండు వైపులా గీకండి.

జెల్‌కోట్ అరిగి గాజు పోగు బయటపడితే అక్కడ నీళ్లు వాడవద్దు. పోగులు వత్తిలాగా నీటిని లోపలికి పీల్చుకుంటాయి. ఆ తేమ తర్వాత ఎండకు పొక్కులుగా బయటకొస్తుంది. పుట్టీ కూడా నీళ్లు తాగుతుంది. అందుకని ప్రైమర్ పడేదాకా పొడిగానే గీకడం మంచిది. బయటపడిన పోగుల మీద పలుచగా రెజిన్‌గానీ, ఎపాక్సీ ప్రైమర్‌గానీ వేసి మూసేయాలి.

ఈ గాజు దుమ్ము ఒంటికి తగిలితే దురద. ముక్కులోకి పోతే దురదతో ఆగదు. మంచి దుమ్ము మాస్కు, కళ్లద్దాలు, పూర్తి చేతుల చొక్కా ఉండాలి. పని అయ్యాక చన్నీళ్లతో కడుక్కోండి. పని బట్టలను హాస్టల్లో మిగతా బట్టలతో కలిపి ఉతకవద్దు, రూమంతా గోక్కోవలసి వస్తుంది.

ప్రైమర్

రేకు కారుకు వాడే రెడ్ ఆక్సైడ్ ఇక్కడ అక్కర్లేదు. అది తుప్పును ఆపడానికి. ఫైబర్ గ్లాసుకు తుప్పు పట్టదు. ఇక్కడ కావలసింది పట్టు, మూత. ఎపాక్సీ ప్రైమర్ ఒకటి రెండు పూతలు వేస్తే ఆ రెండూ వస్తాయి. దాని మీద మందంగా నిలిచే సర్ఫేసర్ రెండు మూడు పూతలు వేయాలి. పూతకు పూతకు మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి. మామూలుగా 10, 15 నిమిషాలు పడుతుంది.

ఆరాక సర్ఫేసర్ మీద నల్ల రంగు పలుచగా చిలకరించండి. దిమ్మెతో 400 నంబరు కాగితం పెట్టి గీకితే ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, గుంటల్లో నిలిచిపోతుంది. మన కంటికి కనబడని గుంటను ఆ నలుపు చూపిస్తుంది. గుంటలన్నీ సరిచేశాక 600 నంబరుతో ముగించండి. ప్రైమర్ నిండుగా ఉన్నచోట ఇప్పుడు వాటర్ పేపర్, నీళ్లు వాడవచ్చు. తర్వాత ప్యానెల్‌ను పూర్తిగా ఆరబెట్టాలి.

రంగు ఎంపిక, రంగు వేయడం

ముదురు రంగు ఎండను ఎక్కువ పీలుస్తుంది. మే నెలలో నల్ల ప్యానెల్ మీద చేయి పెట్టలేం. ఆ వేడికి రెజిన్ కాస్త మెత్తబడి, గాజు నేత పైకి కనబడుతుంది. అందుకే మన వాతావరణంలో తెలుపు, పసుపు, లేత రంగులు మేలు. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకే పరిమితమని నిబంధన ఉంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఇక వేయడం. కంప్రెసర్‌కు నీరు ఆపే ఫిల్టరు తప్పనిసరి. గాలితోపాటు ఒక్క నీటి చుక్క వచ్చినా పూత చెడుతుంది. ప్రైమర్‌కు 1.6 నుంచి 1.8 మిల్లీమీటర్ల నాజిల్, రంగుకు 1.3 లేదా 1.4 నాజిల్ వాడతారు. రంగు, హార్డెనర్, థిన్నర్ పాళ్లు డబ్బా మీద ఉన్నట్టే కొలిచి కలపండి. కంటి అంచనా వద్దు. ఒకే రంగు రెండు మూడు డబ్బాలుంటే అన్నీ ఒక పెద్ద గిన్నెలో కలిపి వడకట్టుకోండి, డబ్బా డబ్బాకూ ఛాయ మారవచ్చు.

ఫైబర్ గ్లాసుకు కరెంటు ప్రవహించదు. పొడి బట్టతో తుడిస్తే దువ్వెనకు కాగితం ముక్కలు అంటినట్టు దుమ్ము వచ్చి అంటుతుంది. కాబట్టి చివర్లో జిడ్డు తీసే ద్రవంతో తుడిచి, జిగురు బట్టతో అతి తేలికగా దులపండి. నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

గన్‌ను 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, ప్యానెల్‌కు సూటిగా పట్టుకోండి. మణికట్టు తిప్పకుండా చేయి మొత్తం కదపాలి. ఒక వరుస మీద సగం పడేలా తర్వాతి వరుస వేయాలి. మొదటి పూత పలుచగా, తర్వాత రెండు నిండుగా. దగ్గరగా, నెమ్మదిగా కొడితే కారుతుంది. దూరంగా కొడితే ఇసుకలా గరుకుగా పడుతుంది. మెటాలిక్ రంగైతే ప్యానెళ్లన్నీ కారుకు ఉండే తీరులోనే నిలబెట్టి ఒకేసారి వేయండి, లేకపోతే ముక్కముక్కా వేరే ఛాయలో కనబడుతుంది. దాని పైన క్లియర్ రెండు పూతలు వేయాలి. వానలో, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున వేయవద్దు. ముఖ్యంగా డ్యూకో అని పిలిచే పాతరకం ఎన్‌సీ రంగు తేమకు పాలిపోయి తెల్లబడుతుంది.

పూర్తిగా గట్టిపడ్డాక 1500, 2000 నంబరు వాటర్ పేపర్‌తో దుమ్ము గింజలు తీసి, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టాలి. అంచుల దగ్గర జాగ్రత్త, అక్కడ రంగు పలుచగా ఉంటుంది. పాలిష్ మైనం నెల తర్వాతే.

ఊపిరి కన్నా మెరుపు గొప్పది కాదు

రెండు భాగాలుగా కలిపే పీయూ రంగుల హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. వాసనతో హెచ్చరించదు. స్ప్రే చేసినప్పుడు పొగమంచులా ఊపిరిలోకి వెళ్తుంది. కొంతమందికి దీనివల్ల ఉబ్బసం వస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత కొద్దిపాటి తగిలినా ఊపిరి ఆడదు. ఆ మనిషి ఇక ఆ పని చేయలేడు. నేర్చుకున్న పనే పోతుంది.

ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంటే ఇది ఆగదు. ఆసుపత్రి మాస్కుతోనూ ఆగదు. దీనికి బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. అది లేకపోతే, ఆ సౌకర్యం ఉన్న పెయింటు బూత్‌లో వేయించుకోండి. లేదా ఐసోసయనేట్ లేని రంగు ఎంచుకోండి, దానికి కూడా ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కు ఉండాలి. కాస్త మెరుపు తగ్గినా పరవాలేదు. థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. కాబట్టి దగ్గర్లో పొయ్యి, బీడీ, స్విచ్చి నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు.

షెడ్డుల్లో కొత్తగా చేరిన కుర్రాడికి ముందు ఇచ్చే పని గీకుడు. అందరికన్నా ఎక్కువ దుమ్ము తినేది, అందరికన్నా తక్కువ జీతం తీసుకునేది అతనే. మాస్కు అడిగితే "ఇంత సుకుమారం అయితే ఈ పనికెందుకొచ్చావ్" అనే మాట నేను చాలా చోట్ల విన్నాను. తమ్ముళ్లారా, మాస్కు అడగడం సుకుమారం కాదు. కార్మికుడికి రక్షణ ఇవ్వడం యజమాని బాధ్యత. రేపు మీలో ఎవరైనా షెడ్డు పెడితే, ఎవరైనా ఇంజినీరై పదిమందితో పని చేయిస్తే, కొత్త కుర్రాడి చేతికి ఎమరీ కాగితం ఇచ్చే ముందు మాస్కు ఇవ్వండి.

రోజుల లెక్క

పోటీకి వెళ్లే జట్లు పోటీ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. ప్యానెల్ పండటానికి మూడు వారాలు. బిగించి చూడటానికి రెండు రోజులు. కడిగి, లోపాలు సరిచేసి, గీకడానికి నాలుగైదు రోజులు. ప్రైమర్, దాన్ని గీకడం రెండు రోజులు. రంగు ఒక రోజు, ఆరడం, మెరుగు మరో మూడు రోజులు. అంటే సుమారు ఐదు వారాలు. ఇందులో రంగు కొట్టేది ఒక్క పూట. మిగిలిన పనేదీ పూర్తయ్యాక కనబడదు. చూసేవాళ్లు రంగును మెచ్చుకుంటారు, కానీ ఆ రంగును నిలబెట్టేది కింద మీరు కడిగిన కడుగుడు, గీకిన గీకుడు.

ఈ పనిని తక్కువ పని అనుకునేవాళ్లుంటారు. రసాయనం తెలియాలి, కొలత తెలియాలి, వాతావరణం తెలియాలి, చేతికి ఓపిక ఉండాలి. ఇన్ని కావలసిన పని తక్కువదెలా అవుతుంది? సందేహాలున్నవాళ్లు వార్షికోత్సవం రోజు నన్ను కలవండి. గీకి చూపించడానికి ఒక పాత ప్యానెల్, నాలుగు రకాల కాగితాలు, అందరికీ సరిపడా మాస్కులు తెస్తాను.

– ఒక పూర్వ విద్యార్థి